జిడ్డు కాసెట్

ఫిబ్రవరి 9, 1987, సోమవారం

మధ్యాహ్నం. కిరాణా షాపులో ఎవరూ లేరు. మా ఆవిడ రాధారాణి వెనక గదిలో కుర్చీలు మడత పెడుతోంది. కార్పెట్ నిండా వేరుశనగ తొక్కలే. వాక్యూమ్ నేను వేస్తానులే అని చెప్పి ఇక్కడ కూర్చున్నాను.

నిన్న అంత మంచులోనూ వెనక గది నిండిపోయింది. అమెరికాలో, ఈ పార్సిప్పనీలో తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్నారని నాకే తెలీదు. డాక్టర్ మూర్తిగారు వాళ్ళ బావమరిది దుబాయ్ నుంచి తెచ్చిన టీవీ, వీసీఆర్ కారు వెనక సీట్లో పడుకోబెట్టి, పసిపిల్లకి కప్పినట్టు దుప్పటి కప్పి తీసుకొచ్చారు. ఇండియా కాసెట్ ఇక్కడి మెషీన్లలో ఆడదు కదా, ఊరందరికీ ఆయన టీవీయే దిక్కు. కరెంటు కోసం పెట్టిన ట్రాన్స్‌ఫార్మర్ ఆటంతా కుంయ్‌మంటూనే ఉంది. టీవీకి ఎదురుగా స్టాండ్ మీద నా వీడియో కెమెరా పెట్టాను. తెర మీద బొమ్మని అది పట్టుకుంటే ఇక్కడి మెషీన్లలో ఆడే కాపీ తయారవుతుంది. బొమ్మ మీద ఒక నల్ల పట్టీ పైకీ కిందికీ పోతుంటుంది గానీ, షాపులో కాసెట్లు అద్దెకు తీసుకునేవాళ్ళు దాని గురించి ఎప్పుడూ గొడవ చేయలేదు.

లంక మీద మనవాళ్ళు గెలిచారని నెల కిందటే తెలుసు. ఎలా గెలిచారో నిన్ననే చూశాం. చూడకపోయినా బాగుండేది. గెలిచింది మూడు పరుగులతో. అదీ చివరి ఓవర్లో వాళ్ళ కుర్రాడు కాలు జారి పడితే రనౌట్ అయ్యాడు కాబట్టి.

టీవీ ఆపేశాక అసలు ఆట మొదలైంది.

"ఏం గెలుపన్నా ఇది, మనోళ్ళు గెలువలే, వాళ్ళే ఓడిపోయిన్రు," అన్నాడు గోపీనాథ్. వరంగల్ అతను, ఫోన్ కంపెనీలో ఇంజనీరు. మనవాళ్ళు ఓడిన రోజున కన్నా గెలిచిన రోజునే ఎక్కువ తిడతాడు.

"పేపర్లో విజయం అనే రాస్తారోయ్. కాలు జారిందని రాయరు," అన్నారు మూర్తిగారు.

"ఎక్స్‌పైరీ డేట్ ముందు రోజు అమ్ముడుపోయిన పెరుగు లాంటిది సార్ ఈ గెలుపు. అమ్ముడుపోయింది, నిజమే. తిన్నవాడి సంగతేమిటి?" అన్నాను. గదంతా నవ్వారు.

అసలు నేను చెలరేగిపోయింది అంతకుముందు, మన బ్యాటింగప్పుడు. ఓపెనర్ కృష్ణమోహన్ అని కొత్త కుర్రాడు, తెలుగువాడు. తెలుగువాడని అందరం ముందుకు జరిగి కూర్చున్నాం. ముప్పై ఓవర్లు నిలబడి ఇరవై తొమ్మిది కొట్టాడు. జిడ్డు, జిడ్డు, ఒకటే జిడ్డు. నేను అప్పడాల కర్ర పట్టుకుని లేచి అతని మాదిరి ఆడి చూపించాను. బంతి రావడం, నేను బ్యాటు పైకెత్తి దానికి దణ్ణం పెట్టి సాగనంపడం. "అతిథా అది, అలా పంపిస్తున్నావు? మా షాపులో నువ్వుల నూనె కూడా ఇంత జిడ్డుండదు కదయ్యా." జనం పొట్టలు పట్టుకున్నారు. మూర్తిగారికి టీ పొలమారింది.

షాపుకి ప్రతి వారం వచ్చే జయంతి నిన్న పొద్దున్నే వచ్చి రాధారాణికి సాయం చేసింది. డబ్బా నిండా కొబ్బరి లౌజు చేసుకొచ్చి అందరికీ పంచింది. ఏమిటమ్మా విశేషం అంటే, "ఓపెనర్ మా తమ్ముడే బాబాయ్," అంది. "నీకు తమ్ముడైతే నాకు కొడుకు వరస. సెంచరీ కొడితే షాపులో అన్నీ సగం ధర," అన్నాను. బంగారం లాంటి పిల్ల. ఈ ఊళ్ళో అందరూ అంకుల్ అంటారు నన్ను. బాబాయ్ అనేది అదొక్కతే. అందుకే ఆట మధ్యలో దాన్ని కూడా కలుపుకున్నాను. "జయంతీ, మీ తమ్ముడికి ఒక దిండు పంపించమ్మా, పిచ్ మీదే పడుకుంటాడు." అప్పుడు నవ్విన నవ్వుకి కిటికీ అద్దాలు కదిలాయి. అదీ నవ్వింది.

వాక్యూమ్ వేయాలి.

ఫిబ్రవరి 12

కాపీ వేసి చూశాను. కెమెరా మైకు కూడా పని చేసింది. కామెంటరీ మీద మా మాటలన్నీ పడ్డాయి, ముఖ్యంగా నావి. పాడైపోయిందనుకున్నాను. గోపీనాథ్ చూసి, "ఖరాబ్ ఏంది అన్నా, దీంట్లో మంచిగున్నదే అది. ఉత్త మ్యాచ్ ఎవడు జూస్తడు, నీ మాటల కోసం జూస్తరు," అన్నాడు. నిజమేననిపించింది. ఇంకొన్ని కాపీలు చేశాను.

ఫిబ్రవరి 18

ఒక్క కాపీ షెల్ఫులో నిలవడం లేదు. "జిడ్డు కాసెట్ ఉందా?" అని అడుగుతున్నారు. మ్యాచ్ కాసెట్ అని ఎవరూ అనడం లేదు. మిషిగన్‌లో నోవై నుంచి ఎవరో ఫోన్ చేశారు, మీరేనా ఆ దిండు మాట అన్నది అని. నేనే అన్నాను. ఒక కాపీ పోస్టు చేశాను.

శశికళగారి పిల్లలిద్దరూ షాపుకొచ్చి, "అంకుల్, అతిథా అది?" అని అమెరికన్ యాసలో నాకే నా మాట అప్పజెప్పారు. చెరో చాక్లెట్ ఇచ్చాను.

ఫిబ్రవరి 20, శుక్రవారం

శుక్రవారం కరివేపాకు వస్తుంది. జయంతి ఆఫీస్ నుంచి నేరుగా వచ్చి తీసుకెళ్తుంది. ఈ రోజు రాలేదు. దాని కట్ట పక్కన పెట్టి ఉంచాను. మంచు కదా.

ఫిబ్రవరి 27, శుక్రవారం

రాలేదు. రోడ్లు బాగానే ఉన్నాయి. ఆఫీస్‌లో పనేమో. కరివేపాకు నల్లబడుతుందని రాధారాణి ఎవరికో ఇచ్చేసింది.

"ఫోన్ చేసి కనుక్కోండి," అంది.

"వస్తుందిలే," అన్నాను.

మార్చి 1, ఆదివారం

మూర్తిగారి మనవడి పుట్టినరోజుకి రాధారాణి ఒక్కతే వెళ్ళింది. నేను షాపు చూసుకున్నాను. సాయంత్రం తిరిగొచ్చి కోటు కూడా విప్పకుండా స్టూలు మీద కూర్చుంది.

"జయంతి వచ్చింది అక్కడికి," అంది.

"అదిగో, నేను చెప్పలేదూ? బాగానే ఉంది కదా?"

"భోజనాలయ్యాక మీ కాసెట్ పెట్టారు. పిల్లలందరూ అది పాఠంలా నేర్చుకున్నారు. మీరు అనేలోపే వాళ్ళు అంటున్నారు. దిండు మాట దగ్గర అందరూ జయంతి వైపు తిరిగారు. 'మీ తమ్ముడేడీ, మీ తమ్ముడేడీ' అని పిల్లలు. అది లేచి వంటింట్లోకి వెళ్ళి, ఎవరూ అడగకపోయినా గిన్నెలు తోమడం మొదలెట్టింది. నేను వెనకే వెళ్ళాను."

"సరదాకి అన్నదే కదా."

"ఆ అబ్బాయి నిజంగానే దాని తమ్ముడండీ."

"అంటే?"

"అంటే ఏమిటి, తమ్ముడంటే తమ్ముడే."

నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మన భాషలో తమ్ముడు కానివాడు ఎవడు? బస్సులో పక్క సీటువాడు తమ్ముడు. కూరలవాడు తమ్ముడు. తెలుగువాడు ఎవడు తెర మీదికొచ్చినా మావాడే, మా తమ్ముడే అంటాం. అది కూడా అలాగే అందనుకున్నాను. నేను మాత్రం దానికి నిజంగా బాబాయినా?

మార్చి 2

నాకెవరూ సరిగ్గా చెప్పలేదు. ఇంటిపేరు వేరు, పెళ్ళయ్యాక దాని భర్త రాజ్ ఇంటిపేరు వచ్చింది. పోలికలు కూడా లేవు, తెర మీద హెల్మెట్ కింద ఏం కనిపిస్తుంది. మా సొంత తమ్ముడు, ఫలానా అని విడమరిచి చెప్పి ఉంటే నేను నోరు మూసుకునేవాణ్ణి కదా. అంతమంది ఉన్న గదిలో, అంత హడావుడిలో ఎవరికి తెలుస్తుంది. పైగా అదీ నవ్వింది. నేను చూశాను.

రాధారాణి నాతో ముక్తసరిగా మాట్లాడుతోంది. దానికేం అన్యాయం చేశానో తెలీదు.

మార్చి 3

మధ్యాహ్నం షాపు తలుపుకి బోర్డు తిప్పేసి వెనక గదిలో కాసెట్ పెట్టుకుని కూర్చున్నాను. అది నవ్విందని రాధారాణికి వినిపించి చూపిద్దామని.

నా గొంతు నాకు అంత పెద్దగా ఉంటుందని తెలీదు. ఆట కనిపిస్తుంది గానీ వినిపించదు. దిండు మాట వచ్చింది. నవ్వులు. మూర్తిగారి దగ్గు. గోపీనాథ్ చప్పట్లు. ఆ నవ్వుల కింద, కెమెరాకి బాగా దగ్గర్లో ఒక ఆడగొంతు. వెనక్కి తిప్పాను. మళ్ళీ విన్నాను. చెవి స్పీకర్‌కి ఆనించి విన్నాను.

"వద్దు బాబాయ్," అంటోంది.

మెల్లగా అంది, నన్నొక్కణ్ణే పిలిచినట్టు. టీ ట్రేతో నా పక్కనే నిలబడింది కదా అప్పుడు. ఆ వెంటనే నా గొంతు, "చూశారా, అక్కగారు దిండుతో పాటు దుప్పటి కూడా పంపిస్తారట." మళ్ళీ నవ్వులు.

ఆ మాట కాసెట్ వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఉంది. నోవైలో కూడా ఉంది. ఎవరూ విని ఉండరు.

రాధారాణి వచ్చి ఏమిటి వింటున్నారంది. ఏమీ లేదన్నాను.

మార్చి 5

ఫోన్ చేశాను. రాజ్ ఎత్తాడు. జయంతి స్నానం చేస్తోందన్నాడు. మళ్ళీ చేశాను. పడుకుందన్నాడు. రాజ్ మర్యాదస్థుడు. అబద్ధం చెప్పేటప్పుడు కూడా గారూ అండీ తప్పలేదు.

మార్చి 8, ఆదివారం

పాడైన సరుకు అమ్మితే ఏం చేస్తాం? వెనక్కి తీసుకుని కొత్తది ఇస్తాం. అదే చేద్దామనుకున్నాను. మూర్తిగారికీ గోపీనాథ్‌కీ సంగతంతా చెప్పాను. "మైకు తీసేస్తే అయిపోతది గద అన్నా," అన్నాడు గోపీనాథ్. తీసేస్తే కామెంటరీ కూడా పోతుంది. మూగ మ్యాచ్ ఎందుకైందని అడుగుతారు. అందుకని మళ్ళీ ఆ టీవీ, ఆ దుప్పటి, ఆ ట్రాన్స్‌ఫార్మర్, అదే కెమెరా. ముగ్గురం కూర్చుని, కాసెట్ అయ్యేదాకా మాట్లాడకూడదు, దగ్గకూడదు, వేరుశనగలు వద్దు.

మీరెందుకు, కెమెరా పెట్టి వెళ్ళిపోవచ్చు కదా అంది రాధారాణి. కెమెరా బ్యాటరీ మధ్యలో మార్చాలి, టీవీలో బొమ్మ కదిలితే సరిచేయాలి అన్నాం. నిజానికి మూర్తిగారే ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

నా నోటికి ఇంత పని ఉందని నాకు ఈ రోజే తెలిసింది. బంతి పడ్డ ప్రతిసారీ ఒక మాట లోపలి నుంచి లేచి పళ్ళ దాకా వస్తోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. గోపీనాథ్ కుర్చీ చేతుల్ని పిండుతున్నాడు. మూర్తిగారికి దగ్గొచ్చి, కర్చీఫ్ నోట్లో కుక్కుకుని బయటికి, మంచులోకి వెళ్ళి దగ్గి వచ్చారు. ఎవరో షాపు తలుపు తడితే రాధారాణి వేలు పెదవుల మీద పెట్టుకుని లోపలికి తీసుకొచ్చి, కందిపప్పు చేతిలో పెట్టి పంపేసింది. ఆవిడ ఇక్కడేదో పూజ జరుగుతోందనుకుంది.

మాటలు లేకపోతే బ్యాటుకి బంతి తగిలే చప్పుడు వినిపిస్తుంది. కృష్ణమోహన్ ఆడుతుంటే అవతలి చివర ఒకడు పోయాడు, ఇంకొకడు పోయాడు, మూడోవాడు వచ్చి అడ్డంగా ఊపి పోయాడు. ఇంకొకడు వస్తుంటే ఇతను సగం పిచ్ దాకా నడిచి వెళ్ళి ఏదో చెప్పాడు. ఆ వచ్చినవాడూ నిలవలేదు. మొదటిసారి చూసినప్పుడు ఇవన్నీ తెర మీద లేవా? ఉన్నాయి. నేను లేచి నిలబడి అప్పడాల కర్ర తిప్పుతున్నాను.

కెమెరా ఆపాక గోపీనాథ్ లేచి ట్రాన్స్‌ఫార్మర్ తీసేశాడు.

"ఆ కుర్రాడు నిలబడకపోతే నూరు కూడా దాటేవాళ్ళు కాదోయ్," అన్నారు మూర్తిగారు.

"అది నిజమే సార్," అన్నాడు గోపీనాథ్. "కానీ తానున్న ఆఖరి పది ఓవర్లన్న కొట్టాలె గద. నిలబడ్డడు సరే, కొట్టాలె గద. జిడ్డు జిడ్డే," అన్నాడు.

నాకూ అలాగే అనిపించింది. ఇంత జరిగాక కూడా అలాగే అనిపించింది.

మార్చి 10

కొత్త కాసెట్ పట్టుకుని జయంతి వాళ్ళ అపార్ట్‌మెంట్‌కి వెళ్ళాను. ఫోన్ చేయకుండా వెళ్ళాను, చేస్తే స్నానం చేస్తుంటుంది కదా. కరివేపాకు కూడా తీసుకెళ్ళాను. రాజ్ ఇంకా ఆఫీస్ నుంచి రాలేదు.

తలుపు తీసి, "రండి," అంది. బాబాయ్ అనలేదు. టీ పెట్టింది. నేను చెప్పాలనుకున్నదంతా దారిలో కారులో బాగా వచ్చింది. అక్కడ కూర్చున్నాక, "బొమ్మ కూడా ఈసారి బాగా వచ్చిందమ్మా," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో.

కాసెట్ టీపాయ్ మీద పెట్టాను. జయంతి దాన్ని చేత్తో తీసుకోలేదు.

"ఇందులో ఎవరూ లేరా?" అంది.

"ఎవరూ లేరు. మేం ముగ్గురం నోరు మూసుకుని కూర్చున్నాం."

నవ్వుతుందేమోనని చూశాను.

"వాడు జిడ్డే," అంది. "చిన్నప్పుడు బాపట్లలో మా పెరట్లో నేను బంతి వేసేదాన్ని. పొద్దుగూకినా అవుట్ అయ్యేవాడు కాదు. జిడ్డు వెధవా అని మొదట తిట్టింది నేనే. ఈ మ్యాచ్‌లో కూడా, వాళ్ళ స్పిన్నర్ వచ్చినప్పుడు వాడు ముందుకొచ్చి కొట్టాల్సింది. భయపడ్డాడు. నాకు కనిపించింది."

"మరి, అమ్మా..."

"నేను తిడితే వాడు ఏడ్చి, ముఖం కడుక్కుని, నా పక్కన కూర్చుని అన్నం తినేవాడు. మీరు తిట్టింది ఊరూరూ అద్దెకెళ్ళింది."

కరివేపాకు కవరు ఒళ్ళో నుంచి తీసి టీపాయ్ మీద పెట్టాను.

"ఆ మ్యాచ్ తర్వాత వాణ్ణి తీసేశారు. మళ్ళీ పిలవలేదు. మొన్న ఫోన్ చేసి, 'అక్కా, అక్కడ మనవాళ్ళు చూశారా, ఏమనుకున్నారు?' అని అడిగాడు. అందరూ చప్పట్లు కొట్టార్రా అని చెప్పాను." టీ కప్పు నా వైపు జరిపింది. "వాడితో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు నేను. అవుట్ అయితే అవుటే అనేదాన్ని."

"తప్పయిపోయిందమ్మా."

"వాడు మేలో ఇక్కడికి వస్తున్నాడు. ఖాళీగానే ఉన్నాడు కదా, రమ్మన్నాం. వస్తే ఎవరో ఒకరు భోజనానికి పిలుస్తారు. ఏ ఇంటికి వెళ్ళినా టీవీ కింద మీ కాసెట్ ఉంటుంది. వాళ్ళ పిల్లలు వాడి ముందు నిలబడి అతిథా అది అంటారు."

"నేను అన్నీ మార్చేస్తాను. ప్రతి ఇంటికీ వెళ్ళి మార్చేస్తాను."

"ఎందుకు మారుస్తున్నారో కూడా చెప్పండి," అంది. "చెప్పకపోతే కాసెట్ మారుతుంది, పిల్లల నోట్లో మాట మారదు. నోరు మీకు బాగానే ఉంది కదా."

లేచి వస్తుంటే కరివేపాకు కవరు తీసుకుంది. థాంక్స్ అంది.

మార్చి 13

రెండిళ్ళలో మార్చాను. బొమ్మ బాగుంటుందని చెప్పి మార్చాను. నల్ల పట్టీ కాస్త తగ్గిన మాట నిజమే. ముందు కాసెట్లు చేతికి రానీ, మిగతాది తర్వాత చూద్దాం. అందరికీ ఒకేసారి, ఎప్పుడైనా నలుగురూ కలిసినప్పుడు చెబితే బాగుంటుంది. గుమ్మంలో నిలబడి చెప్పే విషయమా ఇది.

రాధారాణి అడిగింది, చెప్పారా అని. చెప్పానన్నాను.

మార్చి 14

చెప్పలేదని రాధారాణికి తెలుసు. ఆ రెండిళ్ళలో ఒకావిడ షాపుకొచ్చి, కొత్త కాసెట్లో మీ మాటలు లేవేంటండీ, పాతదే ఇచ్చేయండి అని దాని ఎదురుగానే అడిగింది. రాధారాణి నా వైపు చూడను కూడా లేదు. తిన్నగా బియ్యం బస్తాల వైపు వెళ్ళిపోయింది.

పాతది లేదన్నాను. పాడైందన్నాను.

మార్చి 15, ఆదివారం

ఈ పొద్దున శశికళగారింటికి వెళ్ళాను. ఆవిడ ఇక్కడ ఒక బ్యాంకులో పని చేస్తారు. భర్త ఊళ్ళో లేడు. తలుపు తీసి, "రండి రండి, కామెంటేటర్ గారు," అన్నారు. ఇద్దరు పిల్లలూ పరిగెత్తుకొచ్చారు. వెనక టీవీ నడుస్తోంది. అదే నడుస్తోంది. నా గొంతు గుమ్మంలోకి వినిపిస్తోంది.

"కాసెట్ మారుద్దామని వచ్చానండీ. ఇది బొమ్మ బాగుంటుంది."

"ఇందులో మీ మాటలున్నాయా?"

"లేవండీ."

"అయితే మాకొద్దు. బొమ్మదేముంది, గెలిచామని తెలుసు కదా. మా పిల్లలు తెలుగు మాట్లాడేదే ఈ కాసెట్ చూసి. మా అమ్మతో ఫోన్లో కూడా అతిథా అది అంటారు. ఆవిడ ఎంత సంబరపడిందో."

ఇక్కడ ఊరుకుని వచ్చేయొచ్చు. కావాలంటే ఉంచుకోండి అనొచ్చు. నా కాళ్ళు సగం వెనక్కి తిరిగాయి కూడా. లోపల దిండు మాట వచ్చింది. పిల్లలు దానితో పాటు అన్నారు, ఒకేసారి, ఎంత ముద్దుగా అన్నారో. నవ్వుల కింద ఆ 'వద్దు బాబాయ్' కూడా వచ్చే ఉంటుంది. ఇక్కడికి వినిపించలేదు.

"ఆ ఆడేవాడు జయంతి తమ్ముడండీ," అన్నాను.

"తెలుసు," అని నవ్వారు. "కాసెట్లో మీరే అన్నారు కదా. భలే పట్టుకున్నారు ఆ అమ్మాయిని."

"అలా కాదు. నిజంగా తమ్ముడు."

"మనవాడే కదండీ. అందరికీ తమ్ముడే." పెద్దపిల్లవాడి తల నిమిరారు. "వీడు కూడా జిడ్డు మామయ్య అంటాడు."

నిజంగా అన్నా చాలలేదు. నేను ఏ మాటని తేలిగ్గా తీసుకున్నానో అదే మాట, నేను చెబితే ఆవిడా తేలిగ్గా తీసుకున్నారు. ఇంకే మాట చెప్పాలో తెలీక గుమ్మంలో నిలబడ్డాను. ఇన్నాళ్ళుగా నోరే పెట్టుబడిగా బతికినవాణ్ణి.

"తోడబుట్టినవాడండీ," అన్నాను. "ఒక తల్లి కడుపున పుట్టినవాడు. జయంతి వాడికి బంతులు వేసి ఆట నేర్పింది. ఆ రోజు వాణ్ణి చూసుకోవడానికి కొబ్బరి లౌజు చేసుకుని వచ్చింది. వాడు ఎండాకాలం మనూరు వస్తున్నాడు."

ఆవిడ నవ్వు వెంటనే పోలేదు. ముఖం మీద ఊరికే కొంచెం సేపు ఉండి, తర్వాత పోయింది. లోపలికి వెళ్ళి టీవీ ఆపారు. పిల్లలు ఎందుకమ్మా ఎందుకమ్మా అంటున్నారు. కాసెట్ తీసుకొచ్చారు. ఇస్తూ, చివర వదలకుండా పట్టుకుని, మెల్లగా అడిగారు.

"పాపం, మీకు ముందు తెలీదు కదా?"

జాలితోనే అడిగారు. తెలీదు అనడానికి దారి వేసి మరీ అడిగారు. పిల్లలిద్దరూ నా ముఖం వంకే చూస్తున్నారు, నేను మళ్ళీ ఏదైనా నవ్వొచ్చే మాట అంటానేమోనని.

"చెప్పిందండీ," అన్నాను. "ఆట మొదలవ్వకముందే చెప్పింది. మధ్యలో వద్దని కూడా చెప్పింది."

ఆవిడ కాసెట్ వదిలేశారు. కొత్తది తీసుకున్నారు. కూర్చోండి అనలేదు.

మొన్న మార్చిన రెండిళ్ళకీ రేపు మళ్ళీ వెళ్ళాలి. నోవైకి ఫోన్ చేయాలి.